వసీలా ముక్కు ఇచ్చిన తీర్పు

రాజధాని ట్యునిస్‌కు దిగువన, సముద్రపొడ్డున ఉన్న నబీల్ పట్టణ చరిత్ర రాసినవాళ్లు రోమనుల రేవు గురించి రాశారు, తురుష్కుల పన్నుల గురించి రాశారు, ఫ్రెంచివాళ్లు వేసిన రైలుదారికి ఒక అధ్యాయమే కేటాయించారు. కుమ్మరుల వీధిలో వసీలా అనే ఇల్లాలు ప్రతి వసంతంలోనూ ఒక సీసా బిరడా తీసి, కళ్లు మూసుకుని, ఒకే ఒక్కసారి వాసన చూస్తుందన్న సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. పండితులు అసలు వదిలేసి కొసరు పట్టుకుంటారనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కర్లేదు. రోమనులు పోయారు, తురుష్కులు పోయారు, ఫ్రెంచివాళ్లు సామాను సర్దుకున్నారు. వసీలా ముక్కు మిగిలింది. పైగా వాళ్ల తీర్పుల మీద ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు తిరగబడ్డారు గానీ, ఈ ముక్కు ఇచ్చిన తీర్పు మీద అప్పీలుకు వెళ్లినవాడు లేడు.

మార్చి చివర చేదునారింజ చెట్లు పూతకు రాగానే నబీల్‌లో ఇంటింటా రాగి కత్తార్ పొయ్యెక్కుతుంది. అడుగున నీళ్లు, నీళ్లలో పూలు, పైన బోర్లించిన రాగి మూత. ఆవిరి గొట్టం దారిన చల్లబడి, గడ్డి అల్లిక తొడిగిన పొట్టసీసాలోకి బొట్టుబొట్టుగా దిగుతుంది. ఆ పూలనీరు లేకుండా ఆ ఊళ్లో ఎవరూ పుట్టరు, పెళ్లాడరు, పోరు. కాఫీలో నాలుగు చుక్కలు, పసివాడి కడుపునొప్పికి అరచెంచా, పెళ్లికూతురి అరచేతుల్లో ఇంత, చివరికి శవానికి చుట్టే కఫను బట్ట మీద ఇంత.

కుమ్మరుల వీధిలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరింట తొలి సీసా దిగినా మర్నాడు పొద్దున్నే అది వసీలా గడప ఎక్కాలి. ఆమె వాసన చూసి చెప్పేది నాలుగు మాటల్లో ఏదో ఒకటి. "ఇది బక్లావాకు" అంటే పండగ మిఠాయిలో వేసేంత ఉత్తమం. "ఇది కాఫీకి" అంటే మధ్యమం. "ఇది జ్వరానికి" అంటే ఇంట్లో వాడుకోండి, నలుగురికీ చూపించకండి అని. "ఇది వియ్యాలవారికి పంపించు" అందంటే ఆ ఇంటివాళ్లు మళ్లీ వసంతం దాకా తలెత్తుకుని తిరగలేరు.

ఇంతటి ముక్కును పెళ్లాడిన ముంజీకి ముక్కు లేదు. అంటే ఉంది, ముఖం నడిమధ్యనే ఉంది, కాని వీధి దాన్ని లెక్కలోకి తీసుకోదు. వయసంతా కుండల బట్టీ ముందు కూర్చుని ఆలివ్ కట్టెల పొగ మింగినవాడు. బట్టీ అతని ముక్కును తినేసిందని వసీలా ఏనాడో తేల్చేసింది. ముక్కు సంగతి ఎలా ఉన్నా, రొమ్మును మాత్రం నిజంగానే తిన్నది. మేడమెట్లు ఎక్కితే చాలు, అతని ఛాతీలో పిల్లనగ్రోవి మోగేది. మహమ్మారి మొదలైన రోజుల్లో డాక్టరు అతని వీపు మీద గొట్టం పెట్టి విని, "ఈ రోగం గనక నీకు సోకిందా, ఇక నా దగ్గర మాటలేం ఉండవు, సీ ముంజీ" అన్నాడు గౌరవంగానే. ఆ మాట పక్కనే ఉన్న వసీలా చెవిన పడింది.

అప్పటి నుంచి ఆమె బతుక్కి ఒకటే పని. రోగాన్ని ముంజీ దాకా రానివ్వకూడదు. అతన్ని మేడ మీద ద్రాక్షపందిరి కింద కుర్చీలో ప్రతిష్ఠించింది. రొట్టె తెచ్చిన సంచీని జావెల్ బ్లీచు నీళ్లతో తుడిచేది, తర్వాత రొట్టెను కూడా తుడవాలా అని ఆలోచించేది. హమ్మామెత్ నుంచి వచ్చిన సొంత తమ్ముణ్ణి కిటికీ అవతలే నిలబెట్టి, అవతలే కాఫీ తాగించి, కప్పు అతనికే బహూకరించి పంపించింది.

"నన్ను మమ్మీని చేశావు కదే" అనేవాడు ముంజీ.

"మమ్మీలకి దగ్గు రాదు. కూర్చో."

శత్రువు కదలికలు తెలియాలంటే వార్తలు వినాలి. వసీలా వింటూనే ఉండేది. వెల్లుల్లి ఆ పురుగును చంపుతుందన్నారు, వీధంతా వెల్లుల్లి కంపు కొట్టింది. వారం తిరక్కుండా వెల్లుల్లి దేన్నీ చంపదన్నారు. మాస్కు అక్కర్లేదన్నారు, ఆ తర్వాత మాస్కు లేకపోతే గతి లేదన్నారు. నల్లజీలకర్ర అన్నారు, ఎండ అన్నారు, వేణ్ణీళ్లు అన్నారు. ఎవరన్నారు, ఏం చూసి అన్నారు, మొన్న తెలియనిది నిన్న ఎలా తెలిసింది, అది ఎవరూ చెప్పలేదు. "శాస్త్రవేత్తలు అంటున్నారు" అని ఊరుకునేవారు. దాంతో శాస్త్రం అంటే రోజూ వార్తల వేళకు ఠంచనుగా వచ్చి, నిన్నటి మాట మార్చి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయే ఒక పెద్దమనిషి అని వసీలాకు అభిప్రాయం కుదిరింది. అలాంటి మనిషికి పిల్లనివ్వరు. అయినా ముంజీ ఊపిరి కోసం ఆ పెద్దమనిషి ఏం చెప్తే అది చేసేది.

అలా ఒక ఏడాది గడిచి, మహమ్మారి లోకంలోకి వచ్చాక రెండోసారి నారింజ పూసింది.

వసీలా మాస్కు మీద మాస్కు తొడుక్కుని పూల సంతకు వెళ్లింది. పూలు తెచ్చి, దుప్పటి మీద పరిచి, ఆకులూ ఈనెలూ ఏరి, బిస్మిల్లా చెప్పి కత్తార్ వెలిగించింది. తొలి సీసా నిండింది. రెండు మూడు రోజులుగా ఒళ్లు నలతగా ఉంది గాని, పూలరోజుల్లో ఒళ్లు నలతగా ఉండటం ఆ ఊళ్లో ప్రతి ఆడదానికీ మామూలే. పొద్దున్నే బిరడా తీసి, కళ్లు మూసుకుని, వాసన చూసింది.

ఏమీ లేదు.

తక్కువ వాసన కాదు, చెడిన వాసన కాదు. బావిలోంచి తోడిన నీళ్లకైనా నాచు వాసన ఉంటుంది, దీనికి అదీ లేదు. ఒకే ఒక్కసారి వాసన చూడాలన్న తన శాసనాన్ని తానే ఉల్లంఘించి మళ్లీ చూసింది, మళ్లీ చూసింది. తర్వాత సీసా పట్టుకుని మేడెక్కింది.

"ముంజీ, ఇది చూడు."

ఆ ముక్కును ఎవరూ ఏదీ అడిగింది లేదు. అతను బెదిరిపోయి సీసా అందుకుని మూతి దగ్గర పెట్టుకున్నాడు.

"బాగుందే. వస్తోందిగా వాసన."

"ఏం వాసన?"

"పూలవాసనే. మీ అమ్మ కాచినదానిలా ఉంది."

"మా అమ్మ మాటెత్తకు. నిరుడు బేరగాడి గాడిద వాకిట్లోకొస్తే అత్తరు సాయిబు వచ్చాడా అన్నావు నువ్వు."

"అది నవ్వులాటకి అన్నానే."

"ఇదీ అంతేలే" అని సీసా లాక్కుని దిగిపోయింది. రొట్టెల సంచీని, తమ్ముణ్ణి, తమ్ముడి కప్పును గడప తొక్కనివ్వని మనిషి, తన ఊపిరి తగిలిన సీసాను తన చేత్తోనే మొగుడి ముక్కు కింద పెట్టి వచ్చింది. పూలనీటిలో రోగం ఉంటుందని ఏ వార్తలోనూ చెప్పలేదు.

అంతలో పక్కింటి దలెందా తన తొలి సీసాను పసిబిడ్డలా గుండెలకు హత్తుకుని వచ్చింది. దలెందాకు రెండు సంపదలు. వసీలా కత్తార్ కన్నా పెద్ద కత్తార్ ఒకటి, ఎన్నడూ చల్లబడని ఫోను ఒకటి. "నబీల్ నాడి" అనే ఫేస్‌బుక్ పేజీ ఆవిడదే. ఊళ్లో ఎవరి మేక తప్పిపోయినా ముందు అందులోనే తప్పిపోయేది.

"లెల్లా వసీలా, ఈ ఏడు బక్లావా అనిపించుకోకుండా కదలను" అంది, అమ్మగారూ అన్నంత మర్యాదగా.

వసీలా మాస్కు తీసింది. మాస్కు వేసుకుని వాసన ఎలా చూస్తారు? కళ్లు మూసింది. తెరిచింది. ముఖం పాలిపోయింది.

"లేదు."

"ఏది లేదు?"

"వాసన లేదు, దలెందా. నాదానికీ లేదు, నీదానికీ లేదు. ఈ ఏడు పూలు చచ్చిపోయాయి."

దలెందా కూడా ముక్కు పెట్టి చూసింది. "నాకేదో వస్తున్నట్టే ఉంది, లెల్లా."

"వస్తున్నట్టు ఉండటం వేరు, రావటం వేరు."

దలెందా మళ్లీ చూసింది. వస్తూనే ఉంది. కాని ఒక పక్కన తన ముక్కు, ఇంకో పక్కన వసీలా ముక్కు. ఈ రెంటిలో ఏది అబద్ధమాడుతుందో వేరే చెప్పాలా? "అవును, లేదు" అంది. ఇంటికి వెళ్లే లోపే ఫోన్లో పెట్టింది: "లెల్లా వసీలా తేల్చింది. ఈ ఏడు పూలకు వాసన లేదు. దేవుడే దిక్కు."

మధ్యాహ్నానికి వీధి వీధంతా సీసాలతో బారులు తీరింది. వసీలా ఒక్కొక్క సీసా అందుకుని, మాస్కు దించి, వాసన చూసి, "లేదు" అని, వాళ్లకు తిరిగి ఇచ్చింది. వాళ్లూ ఆ సీసా మూతిలోనే ముక్కు పెట్టి చూసుకున్నారు. వచ్చినవాళ్లు తమ ముక్కులకు సిగ్గుపడి ఊరుకున్నారు. రొట్టెల పొయ్యి నడిపే ముసలి లెల్లా ఫ్రీజా అయితే "వాసన లేని పూలు చూశాక ఇంకేం చూడాలి" అని వసీలాను కావలించుకుని ఏడ్చింది. నాలుగు రోజులు తిరిగేసరికి చాలామందికి నిజంగానే వాసన రాలేదు. తీర్పు రుజువైపోయింది.

ఆ తర్వాత విషయం వీధి చేయి దాటింది. రేడియోవాళ్లు "నబీల్ పూలకు ఏమైంది?" అన్నారు. టీవీవాళ్లు "మహమ్మారి పూలకూ సోకిందా?" అన్నారు. చివర ప్రశ్నార్థకం తగిలిస్తే ఏ మాటకూ పూచీ ఉండదన్నది ఆ వృత్తిలో మొదటి పాఠం. చర్చకు ఒక నిపుణుణ్ణి కూర్చోబెట్టారు. ఆయన పేరు ముందు డాక్టరని ఉంది. ఆయన డాక్టరే, కాలవల్లో నీటిపారుదల మీద పరిశోధన చేశాడు. వీధుల్లో మందు చల్లడం వల్ల పూలు పుప్పొడిలోనే నీరసించాయని చెప్పాడు. ఆయన పక్కనున్నాయన మందు కాదు, సెల్‌ఫోను స్తంభాలన్నాడు. ఇద్దరూ కొట్టుకున్నంత పని చేశారు. ఎవరి ముందూ ఒక్క పువ్వయినా లేదు.

ట్యునిస్ ప్రయోగశాలలో పనిచేసే ఒక డాక్టరమ్మను కూడా ఫోన్లో పట్టుకున్నారు. ఆవిడ నెమ్మదిగా, "ఆ పూలను నేను చూడలేదండీ. చూడకుండా అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను" అంది. అక్కడితో గొంతు ఆగిపోయింది. తెర అడుగున ఎర్రటి పట్టీలో అక్షరాలు పరిగెత్తాయి: "కొట్టిపారేయలేకపోతున్న శాస్త్రలోకం". ఒక్క మనిషి తెర అడుగుకు దిగేసరికి లోకమైపోయింది.

"విన్నావా ముంజీ, శాస్త్రలోకమే ఏం చెయ్యలేకపోతోందట" అంది వసీలా మేడ వైపు తలెత్తి.

"వసీలా, కాఫీ మాడుతోందే" అన్నాడు ముంజీ పైనుంచి.

పొయ్యి మీద గిన్నె నల్లగా మాడి పొగలు కక్కుతోంది. దించి, "అక్కణ్ణుంచి నీకెలా కనిపించింది?" అని అడిగింది.

"కనిపించలేదు. వాసనొచ్చింది."

"పొగ చూసుంటావు" అని గిన్నె తోముకుంది. గిన్నె మీద పోసిన జావెల్‌కు కూడా ఘాటు లేకపోవడం గమనించి, ఈ ఏడు జావెల్ కూడా కల్తీయే అనుకుంది.

ఇంతలో ఎక్కడిదో తెలియని వీడియో ఒకటి వచ్చింది. తెల్లకోటు వేసుకున్న మనిషి, వెనక పుస్తకాల బీరువా. విదేశీ అధ్యయనం ఒకటి తేల్చిందన్నాడు. నబీల్ పూలు తమ పరిమళాన్ని గాల్లోని మహమ్మారి మీద ఖర్చుపెట్టేశాయట. కనుక వాసన లేని పూలనీరే అసలైన మందట, వాసన ఎంత తక్కువైతే గుణం అంత ఎక్కువట. ఏ దేశం, ఎవరి అధ్యయనం అని అడిగినవాడు లేడు. తెల్లకోటు ఉంది, పుస్తకాలున్నాయి, ఇంకేం కావాలి?

దలెందా గోడ మీదుగా తొంగిచూసింది. "లెల్లా, ట్యునిస్ నుంచి కారేసుకుని వచ్చారు. వాసన లేనిదే కావాలట. నా దగ్గరున్నది కాస్త వస్తోంది. ఏం చెప్పను?"

"నీ ముక్కుకు వస్తే వచ్చినట్టు కాదని చెప్పాను కదా."

"అదే చెప్పి ఇచ్చేశాను. వాళ్లూ వాసన చూసి, అబ్బే ఏం లేదు, బ్రహ్మాండంగా ఉంది అన్నారు."

వసీలా కూడా ఆ నీళ్లు పూటపూటా గ్లాసుతో మేడెక్కించింది. ముంజీ రెండు రోజులుగా దగ్గుతున్నాడు. అడిగితే ద్రాక్షపూత దుమ్ము అన్నాడు. "ఇది తాగు, విదేశాల్లో తేల్చారు" అంది. అతను వద్దనలేదు. ఆ ఇంట్లో శాస్త్రానికి ఎదురుచెప్పే అధికారం అతనికి లేదు.

చివరకు రాజధాని నుంచి టీవీవాళ్లే దిగారు. నిజార్ అనే విలేకరి, నున్నగా దువ్విన జుట్టు, గడ్డం కిందకు జారిన మాస్కు. వెంట కెమెరా మోసే మనిషి. వసీలా ఇద్దరినీ గడప బయటే ఆపి మాస్కులు పైకి లాగించింది. గడప లోపల, వాకిట్లో కత్తార్ మీద కొత్త పూలు ఉడుకుతున్నాయి.

"ఖాల్తీ, మీ వీధి మొదట్లో కారు దిగేసరికే మత్తెక్కిపోయిందనుకో" అన్నాడు నిజార్, పిన్నిని పిలిచినట్టు పిలిచి, జుట్టు సవరించుకుంటూ. "చిన్నప్పుడు పండక్కి మా అమ్మమ్మ ఇంటికి పోయినట్టుంది. సరే, నువ్విక్కడ నిలబడు. సీసా కాస్త పైకి. ముఖం దిగులుగా పెట్టు."

వసీలా ముఖం ఆమె ప్రమేయం లేకుండానే మారిపోయింది. అతను కెమెరా వైపు తిరిగాడు. గొంతు లోతుకు దిగింది. "వెయ్యేళ్లుగా పరిమళించిన వీధి ఇది. ఈరోజు ఇక్కడ గాలికి వాసన లేదు. ఉన్నది మౌనం మాత్రమే."

"ఆగు" అంది వసీలా. "ఇందాక మత్తెక్కిందన్నావుగా?"

"అది కెమెరా పెట్టకముందు, ఖాల్తీ."

"ఏం మత్తెక్కింది?"

"వాసన."

"ఏ వాసన?"

"ఇక్కడింకే వాసనొస్తుంది? పూలదే. అదిగో, నీ కత్తార్‌లోంచి గుప్పుమంటోంది."

"మాస్కులోంచే?"

"మాస్కులోంచే." కెమెరా మనిషి కూడా తల ఊపాడు.

వసీలా లోపలికి వెళ్లి జావెల్ సీసా తెచ్చి మూత తీసి అతని ముందు పెట్టింది. నిజార్ రెండడుగులు వెనక్కి వేశాడు. "అయ్యో, తియ్యి ఖాల్తీ, కళ్లు మండుతున్నాయి." ఆమె ఆ సీసాను తన ముక్కు దగ్గర పెట్టుకుంది. నీళ్లు. కాఫీ డబ్బా తెరిచింది. ఇసక. వెల్లుల్లి రెబ్బ చిదిమి వేళ్లు ముక్కుకు ఆనించుకుంది. వేళ్లు తడిగా ఉన్నాయి, అంతే. అరవై ఏళ్లుగా ఏ గదిలో ఏముందో, ఎవరింట్లో ఏం వండారో, ఏ చుట్టం అబద్ధమాడుతున్నాడో చెప్పిన ముక్కు అక్కడ రాతిబొమ్మకు అతికించినట్టు ఉంది. పూలు చావలేదు.

"అదేదో గమ్మత్తుగా ఉంది" అన్నాడు నిజార్. "ఆ డాక్టరమ్మ కూడా ఇదే అడిగింది."

"ఏ డాక్టరమ్మ?"

"ఫోన్లో మాట్లాడిన ఆవిడ. వాసన పోయింది పూలకా, ముక్కులకా, ముందది తేల్చండి, ఈ రోగానికి మొదటి గుర్తు అదే, వాసన రానివాళ్లందర్నీ ఇవాళే పరీక్షకు పంపండి అని ఒకటే గోల."

వసీలా వెల్లుల్లి తడి వేళ్లు బట్టకు తుడుచుకుంది. "అది నేను వినలేదే."

"వెయ్యలేదు ఖాల్తీ. టైం చాల్లేదు. ఆ తర్వాత ప్రకటన ఉంది."

"దేనికి ప్రకటన?"

"షాంపూకి."

ఆమె ఇక అక్కడ లేదు. మేడమెట్లు తనే ఎక్కిందో, మెట్లే ఆమెను ఎక్కించాయో. ముంజీ కుర్చీలో ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు. ఛాతీలో పిల్లనగ్రోవి మోగడం లేదు. మోగడానికి కావలసినంత గాలి లోపలికి పోవడం లేదు. పెదాలు వంకాయ రంగు తిరిగాయి.

"ముంజీ, పూలవాసన వస్తోందని మొదటిరోజే చెప్పావు నువ్వు."

"చెప్పాను" అన్నాడు ఊపిరి ఊపిరికి ఆగుతూ. "గాడిద అన్నావు."

"ఇప్పుడు వస్తోందా? కింద కత్తార్ కాగుతోంది. చెప్పు, వస్తోందా?"

అతను ముక్కు ఎగబీల్చబోయాడు, దగ్గొచ్చింది.

"మొన్నటి నుంచి రావట్లేదే. నువ్వన్నట్టు పూలే పాడయ్యాయి గామోసు అనుకున్నా. నా ముక్కుకు తెలిసొచ్చేసరికి ఇన్నాళ్లు పట్టిందనుకున్నా."

అంబులెన్సు వచ్చేలోగా వసీలా కిందకు దిగి, తనకు తానే కెమెరా ముందు నిలబడింది. "పూలకేం కాలేదు" అంది. "వాసన ఉంది. రోగం నాకొచ్చింది. నేను అందరి సీసాల్లోనూ ముక్కు పెట్టాను. ఈ మనిషికి నేనే అంటించాను. వాసన రానివాళ్లందరూ వెళ్లి పరీక్ష చేయించుకోండి." నిజార్ కళ్లలో నీళ్లు తిరిగాయి. మనిషి చెడ్డవాడు కాదు. ఆ సాయంత్రం టీవీలో వసీలా ముఖం వచ్చింది. "పూలు" అంది, "రోగం నాకొచ్చింది" అంది. అడుగున ఎర్రటి పట్టీ పరిగెత్తింది: "పూల నుంచి మనిషికి సోకిందా?"

ఆస్పత్రి వసారాలో మంచాలు లేవు. ముంజీని కుర్చీలో కూర్చోబెట్టి, ఇంకో ముసలాయనతో కలిపి ఒకే ఆక్సిజన్ సిలిండర్‌కు తగిలించారు. పరీక్షలో తేలాక వసీలాను కూడా లోపల ఒక మూల బల్ల మీద కూర్చోబెట్టారు. గేటు దగ్గర కాపలావాడు ఆమెను లోపలికి పంపేముందు పరకాయించి చూశాడు.

"నువ్వు టీవీలో పూలావిడవు కదూ?"

"అవును."

"మీవాడికి ఆ నీళ్లు పట్టావా మరి?"

"పట్టాను."

"వాసన లేనివేనా?"

వసీలా అతని ముఖంలోకి చూసింది. వెటకారం ఎక్కడా లేదు. లోపల ఎవరో ఉన్నారు అతనికి కూడా. "ఆ నీళ్లలో ఏమీ లేదు బాబూ" అంది. అతను అర్థమైనట్టు తల ఊపి, గొంతు తగ్గించి, "ఏమీ లేనిదే కావాలి ఖాల్తీ, ఒక్క సీసా ఇప్పించు" అన్నాడు.

దలెందా ఫోను చేసింది. ఆవిడా మంచం మీదే ఉంది. "నాకు వాసనొచ్చింది లెల్లా, ఆ రోజు" అంది. "ఒట్టు. గుప్పుమని వచ్చింది. నువ్వు లేదన్నాక నాకెందుకని ఊరుకున్నా."

"ఊరుకుంటే బాగుండేది. నువ్వు ఫోన్లో పెట్టావు."

దలెందా ఏడ్చి, ఆ పూటే తన పేజీలో రాసింది. పూలకు వాసన ఉంది, మనకే జబ్బు, పరీక్ష చేయించుకోండి అని. వాసన లేదన్న మాట దేశమంతా చేతులు మారింది. ఉందన్న మాట వీధి మలుపు దాటలేదు. దాని కింద ఒకాయన మాత్రం ఒక ప్రశ్న అడిగాడు: "ఎవరు రాయించారమ్మా నీ చేత?"

ఆరోగ్యశాఖ బండి వీధికి వచ్చి గడప గడపకూ పరీక్ష చేసింది. వసీలా తీర్పు అందుకున్న ఇళ్లలో రోగం లేని ఇల్లు వెతుక్కోవాలి. లెల్లా ఫ్రీజా ఆ ఏడు రంజాను చూడలేదు. ఆమె కఫను మీద చల్లడానికి ఆమె ఇంటి సీసానే తెరిచారు. పక్క వీధి నుంచి వచ్చినవాళ్లు మాస్కుల్లోంచే "ఏం కమ్మటి నీళ్లు" అనుకున్నారట. ఆ మాట వసీలా చెవినా పడింది.

ముంజీ బతికాడు. ఎందుకు బతికాడో డాక్టరుకు తెలియదు, ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. "నాకు తెలియదు సీ ముంజీ" అన్నాడు. ఏడాదికి పైగా వసీలా విన్న మాటల్లో తెలియదన్న మాట అదే మొదటిది. ఆమె లేచి ఆయన చేతులు పట్టుకుంది, అది నిబంధనలకు విరుద్ధమని నర్సు కసిరేదాకా వదల్లేదు.

ఈద్ అయిన కొన్నాళ్లకు ముంజీ సగం మనిషిగా ఇంటికి చేరాడు. ఈసారి మేడ మీద కాదు, వాకిట్లోనే కుర్చీ వేశారు. అతనికి వాసన తిరిగి వచ్చింది, వసీలాకు రాలేదు. ఒకనాటి పొద్దున్న దలెందా బీరువాలో దాచిన తొలి సీసా పట్టుకుని గడప దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటేనే వచ్చింది.

"లెల్లా, నిరుటి మాట నిరుటిది. దీనికి ఏదో ఒకటి చెప్పు. ఎందుకు వాడాలో తెలియక మూత తియ్యలేదు."

"నిరుడెక్కడ, మొన్న వసంతమేగా" అంది వసీలా. "ఆయన్నడుగు."

దలెందా ముంజీని చూసింది, సీసాను చూసింది, ఆకాశాన్ని చూసింది. కుమ్మరుల వీధి ఇంతకు దిగజారిందా అన్నట్టు ఉంది ఆవిడ ముఖం. ముంజీ కంగారుగా సీసా అందుకుని, కళ్లు మూసుకుని, ఒక్కసారే వాసన చూశాడు.

"కాఫీకి" అన్నాడు.

"బక్లావాకు కాదా?"

"కాదమ్మా. కాఫీకే."

దలెందా అప్పీలుకు వెళ్లలేదు.

భావి చరిత్రకారులు ఆ వసంతం గురించి రాయదలిస్తే ఆధారాలకు కొదవ లేదు. నీటిపారుదల నిపుణుడి చర్చ ఉంది, తెల్లకోటు మనిషి వీడియో ఉంది, విదేశీ అధ్యయనం ఉంది, శాస్త్రలోకం కొట్టిపారేయలేకపోవడం ఉంది, వెయ్యేళ్ల వీధిలో మౌనం ఉంది, పూల నుంచి మనిషికి సోకిన ప్రశ్నార్థకం ఉంది. ఇవన్నీ ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో దేనిలోనూ లేని సంగతి ఒక్కటే.

ఆ ఏడు నబీల్‌లో చేదునారింజ పూలకు ఎప్పటి వాసనే ఉంది.